పటేలు షాట్, సంఘం షాట్: స్త్రీ దర్శకుల సినిమాల్లో దళిత స్త్రీ

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో వున్న దళిత స్త్రీలు 1990ల చివర్లో వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వాళ్ళల్లో చాలామందికి చదువు రాదు. కెమెరా ఎక్కడ పెడితే మనిషి ఎట్లా కనపడుతుందో నేర్చుకునేటప్పుడు ఆ షాట్లకి తమ సొంత పేర్లు పెట్టుకున్నారు. మనిషికి ఎదురుగా, కంటి ఎత్తులో తీసేదాన్ని 'సంఘం షాట్' అన్నారు. సంఘంలో అందరూ సమానంగా కూర్చుంటారు గదా, అందుకని. ఎక్కువ తక్కువలున్న చూపుకి పటేలు పేరు పెట్టారు. పటేలు మంచం మీద, మాదిగామె నేల మీద. ఆ చూపు ఎట్లా వుంటుందో వాళ్ళకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

సినిమా పాఠ్యపుస్తకాలు దీన్ని ఐ లెవెల్, హై యాంగిల్, లో యాంగిల్ అంటాయి. ఆ మాటల్లో ఎత్తు కొలత వుంది గానీ ఆ ఎత్తు ఎక్కడ్నించి వచ్చిందో లేదు. పస్తాపూర్ స్త్రీలు పెట్టిన పేర్లలో అది వుంది. ఈ వ్యాసంలో ఆ రెండు పేర్లనే కొలబద్దగా తీసుకుని, స్త్రీ దర్శకులు స్త్రీల బతుకుల మీద తీసిన కొన్ని సినిమాల్ని చూడాలనుకుంటున్నాను. షాట్ అంటే ఇక్కడ కెమెరా ఎత్తు ఒక్కటే కాదు. ఎవరి ప్రశ్నతో సినిమా మొదలైంది, ఎవరి మాటతో ముగిసింది, తీసినవాళ్ళకి ఎదురు మాట చెప్పే వీలు ఎవరికి వుంది అన్నవన్నీ అందులోకి వస్తాయి.

స్త్రీలు దర్శకత్వం చెయ్యడం మనకి కొత్త కాదు. భానుమతి 1953లోనే 'చండీరాణి' తీసింది. సావిత్రి 1968లో 'చిన్నారి పాపలు' తీసింది. విజయనిర్మల 1973లో 'మీనా'తో తెలుగులో మొదలుపెట్టి నలభైకి పైగా సినిమాలు తీసి గిన్నిస్ రికార్డుకెక్కింది. మగవాళ్ళ పరిశ్రమలో అది చిన్న విషయం కాదు. కానీ కుర్చీలో స్త్రీ కూర్చున్నంత మాత్రాన చూపు మారుతుందా? మారితే ఏ స్త్రీ వైపు మారుతుంది? 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల్ని నరికి గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ తర్వాత అగ్రకుల స్త్రీలు రోడ్ల మీదకొచ్చారు, దళిత మగవాళ్ళు తమని అల్లరి పెడుతున్నారని. ఆ రోజు 'స్త్రీ' అన్న మాటలో చచ్చిపోయినవాళ్ళ భార్యలు, తల్లులు లేరు. అప్పట్నించీ తెలుగు నేల మీద ఎవరు 'స్త్రీ సమస్య' అన్నా మేం ముందు అడగాల్సిన ప్రశ్న వొకటే: ఏ స్త్రీ?

1. ఏడుపు ఎవరిది?

కల్పనా లాజ్మీ 'రుదాలీ' 1993లో వచ్చింది. మహాశ్వేతాదేవి కథ ఆధారం. డింపుల్ కపాడియాకి జాతీయ అవార్డు తెచ్చింది. స్త్రీల సినిమా అనగానే క్లాసురూముల్లో చూపించే వాటిల్లో ఇది వొకటి. అందుకే దీన్ని కాస్త నిదానంగా చూడాలి.

మహాశ్వేత కథలో సనీచరి గంజూ కులం మనిషి. అత్త చచ్చింది, మొగుడు చచ్చాడు, కొడుకు చచ్చాడు. ఏ చావుకీ ఆమె ఏడవలేదు. ఏడవడానికి తీరిక ఏది? శవాన్ని ఎట్లా లేపాలి, కర్మకి అప్పు ఎక్కడ తేవాలి అన్న దిగులే సరిపోయింది. తర్వాత ఆమె, స్నేహితురాలు భిఖ్నీ కలిసి మాలిక్‌ల ఇళ్ళల్లో చావులకి కూలికి ఏడ్చే పనిలో దిగుతారు. వుత్త ఏడుపుకి వొక రేటు, నేల మీద పొర్లితే వొక రేటు, తల బాదుకుంటే ఇంకో రేటు. భిఖ్నీ చచ్చిపోయాక కూడా సనీచరి కూలబడి ఏడవదు. వేశ్యల వాడకి పోయి, అక్కడున్న స్త్రీలని ఈ పనిలోకి పిలుచుకొస్తుంది. మాలిక్‌ల మోజు పాడుచేసిన స్త్రీలే మాలిక్ శవం చుట్టూ కూలికి ఏడుస్తారు. కథ అక్కడ ముగుస్తుంది. కన్నీళ్ళు కూలిపని అని, ఆ కూలి చుట్టూ సంఘం కట్టొచ్చని కథ చెబుతుంది.

సినిమా ఏం చేసింది? బీహారు వూరిని రాజస్థాన్ ఎడారికి మార్చింది. అది పెద్ద తప్పు కాదు. అసలు మార్పులు రెండు. కథలో లేని ప్రేమని ఠాకూరు కొడుక్కీ సనీచరికీ మధ్య పెట్టింది. భిఖ్నీని సనీచరి కన్నతల్లిగా మార్చింది. భిఖ్నీ చచ్చిపోయాక ఆ సంగతి తెలిసి సనీచరికి చివరికి నిజమైన ఏడుపొస్తుంది. ప్రేక్షకులు కూడా ఏడుస్తారు.

ఈ రెండు మార్పుల్నీ కలిపి చూడండి. మొదటిది కులాన్ని ప్రేమకథ చేసింది. జమీందారీ ఇంటి మగవాడికీ కింది కులం స్త్రీకీ మధ్య వున్నది ఏ వూళ్ళోనైనా బలవంతమో, భయమో, బాకీయో. సినిమా దాన్ని హవేలీలో చూపుల మాటల రొమాన్సు చేసింది. ఠాకూరు కొడుకు మంచివాడైపోయాడు. రెండోది కూలిని గుండెబరువు చేసింది. కథలో సనీచరి ఏడవకపోవడం వొక లెక్క. ఏడుపుని అమ్ముకోవాలి గానీ వూరికే పారబొయ్యకూడదు. సినిమాలో ఏడవకపోవడం వొక జబ్బు. దానికి మందు తల్లి ప్రేమ. కింది కులం స్త్రీ తన శ్రమని అర్థం చేసుకుని పదిమందిని కూడగట్టుకోవడం దర్శకురాలికి సరిపోలేదు. ఆమె మనందరిలాగా 'స్త్రీ' కావాలి, తల్లి కోసం ఏడవాలి, అప్పుడే జాలి పడతాం.

మన వూళ్ళల్లో రుదాలీలు లేకపోవచ్చు. కానీ పెద్ద కులాల చావుకి డప్పు కొట్టేది మాదిగవాడ మనుషులే. అది చాలా వూళ్ళల్లో వెట్టిగానే నడిచింది. ఆ డప్పులో దుఃఖం వెతికేవాడికి వెట్టి కనపడదు. 'రుదాలీ'లో కెమెరా సనీచరిని ఎంతో అందంగా, ఎంతో జాలిగా చూస్తుంది. జాలి చూపు కూడా పై నుంచి కిందికే పడుతుంది. పస్తాపూర్ భాషలో ఇది పటేలు షాటే. దర్శకురాలు స్త్రీ కావడం దాని ఎత్తుని తగ్గించలేదు.

2. యుగాంతర్ దారి

ఇందుకు పూర్తిగా భిన్నమైన ప్రయత్నం అంతకు పదేళ్ళ ముందే జరిగింది. 1980లో బెంగుళూరులో దీపా ధన్‌రాజ్, అభా భయ్యా, మీరా రావు, కెమెరామన్ నవ్రోజ్ కాంట్రాక్టర్ కలిసి 'యుగాంతర్' అనే బృందం పెట్టారు. మూడేళ్ళలో నాలుగు చిన్న సినిమాలు తీశారు. పూనా పనిమనుషుల సంఘం మీద 'మోల్కరిణ్', నిపాణీ పొగాకు ఫ్యాక్టరీల్లో పనిచేసే స్త్రీల పోరాటం మీద 'తంబాకు చాకిలా ఊబ్ ఆలీ', చిప్కో వుద్యమంలో వొక పల్లెటూరి స్త్రీ మీద 'సుదేశ', హైదరాబాదు స్త్రీశక్తి సంఘటనతో కలిసి తెలుగులో 'ఇది కథ మాత్రమేనా'.

ఈ సినిమాల పద్ధతే వేరు. స్త్రీలతో ముందు మాట్లాడి, వాళ్ళు ఏం చెప్పాలనుకుంటున్నారో విని, వాళ్ళతో కలిసి సినిమా అల్లుకోవడం. తీసిన సినిమాని మళ్ళీ ఇతర బస్తీల్లో, వూళ్ళల్లో చూపించి మాట్లాడించడం. పొగాకు ఘాటులో పనిచేసే స్త్రీలు తమ కూలి గురించి, మేస్త్రీల ఆగడాల గురించి, యూనియన్ గురించి తామే చెబుతారు. వాళ్ళ తరపున ఏడ్చే హీరోయిన్ అక్కర్లేకపోయింది. సంఘం షాట్‌కి ఇది చాలా దగ్గర.

ఐతే వొక మాట అడగాలి. ఈ స్త్రీలు ఏ పేర్లతో మన ముందుకొచ్చారు? పనిమనిషి, పొగాకు కార్మికురాలు, భార్య. ఆ రోజుల్లో స్త్రీల వుద్యమానికీ వామపక్షానికీ తెలిసిన పేర్లు అవే. అంట్లు తోమే చెయ్యి వంటింట్లో కుండ ముట్టుకోవచ్చా లేదా అన్నది కూలి ప్రశ్న కాదు, కులం ప్రశ్న. 'ఇది కథ మాత్రమేనా' ఇంటి లోపలి హింసని ధైర్యంగా బయట పెట్టింది. భార్యని కొట్టడం ఇంటి గుట్టుగా చెలామణి అయ్యే కాలంలో అది అవసరమైన పని. కానీ నాలుగు గోడలున్న స్త్రీకే ఆ గుట్టు. కూలికి పోయిన చేను గట్టున, వెట్టికి పోయిన దొర వాకిట్లో, స్టేషన్లో, హాస్టల్లో జరిగే హింసకి గోడలుండవు. వూరంతా చూస్తుంది, ఎవరూ మాట్లాడరు. ఆ హింస ఆ కథలోకి రాలేదు. ఇది చెడ్డ వుద్దేశం వల్ల జరిగింది కాదు. ఆ గదిలో కూర్చుని కథ అల్లుకున్నప్పుడు 'స్త్రీ' అన్న పేరు అందరికీ సరిపోతుందనుకున్నారు. మేం అందులో ఇమడం లేదని చెప్పడానికి 1990లు రావాల్సొచ్చింది.

3. ఎవరి వొళ్ళు?

దీపా ధన్‌రాజ్ 1991లో తీసిన 'సమ్‌థింగ్ లైక్ ఎ వార్', అంటే యుద్ధంలాంటిదేదో, కుటుంబ నియంత్రణ కార్యక్రమం మీద సినిమా. ఇందులో రెండు షాట్లూ పక్కపక్కనే వున్నాయి. వొక పక్క శిబిరంలో వరసగా బల్లల మీద స్త్రీలు, తన వేగం గురించి గొప్పలు చెప్పుకునే డాక్టరు. ఇంకో పక్క గుండ్రంగా కూర్చుని తమ వొళ్ళు గురించి, ముట్టు గురించి, కాన్పుల గురించి, కోరిక గురించి బొమ్మలు గీసుకుంటూ మాట్లాడుకునే స్త్రీలు. మొదటి చోట వొళ్ళు అంకె. రెండో చోట వొళ్ళుకి మనిషి వుంది. దర్శకురాలు వ్యాఖ్యానం ఎక్కువ చెప్పలేదు. ఈ రెండింటినీ ఎదురెదురుగా పెట్టింది, అంతే. అది చాలు.

మనకిది దూరపు సంగతి కాదు. 1985లో హైదరాబాదు పక్కన పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షన్‌ని పేద స్త్రీల మీద ప్రయోగించబోతుంటే స్త్రీశక్తి సంఘటన వాళ్ళు పోయి అడ్డం తిరిగారు. అది ప్రయోగమని ఆ స్త్రీలకి సరిగ్గా చెప్పనే లేదు. 1986లో ఆ సంఘం ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ఆ చరిత్రని గౌరవిస్తూనే చెప్పాలి: ఇంజక్షన్ ముందు వరసలో నిలబెట్టింది ఎవర్ని? టార్గెట్లు పూర్తి చెయ్యడానికి ఏ వాడకి జీపు వచ్చింది? 'పేద స్త్రీ' అంటే సగమే చెప్పినట్టు.

సినిమా వచ్చిన 23 ఏళ్ళకి, 2014 నవంబరులో, ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ జిల్లాలో వొకే శిబిరంలో కొన్ని గంటల్లో 83 మంది స్త్రీలకి ఆపరేషన్లు చేశారు. ఆ జిల్లా శిబిరాల్లో 13 మంది చనిపోయారు. చనిపోయినవాళ్ళల్లో ఎక్కువమంది దళిత, ఆదివాసీ, వెనకబడిన కులాల స్త్రీలు. 2016లో సుప్రీంకోర్టు శిబిరాల పద్ధతిని మూడేళ్ళలో ఆపెయ్యమని చెప్పింది. 2022 ఆగస్టు 25న మన రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో వొక్క రోజే 34 మందికి ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. అందుకే ఈ సినిమాని పాత డాక్యుమెంటరీగా చూడలేం. మగవాళ్ళ ఆపరేషన్ తేలికైనదని తెలిసీ స్త్రీల వొళ్ళే ఎందుకు కోస్తున్నారని స్త్రీవాదం అడిగింది. ఆ స్త్రీలలో కూడా ఎవరి వొళ్ళు చవక అన్నది మనం దానికి కలపాల్సిన ప్రశ్న.

4. వెలివాడ దాకా

2016 జనవరి 17న హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాడు. హాస్టల్ నుంచి గెంటేస్తే, తోటి దళిత విద్యార్థులతో కలిసి క్యాంపస్‌లో డేరా వేసుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టుకున్నాడు. ఆ తర్వాత దేశమంతా లేచిన విద్యార్థి వుద్యమం మీద దీపా ధన్‌రాజ్ 2018లో 'వుయ్ హ్యావ్ నాట్ కమ్ హియర్ టు డై' తీశారు. చావడానికి రాలేదిక్కడికి మేం అని ఆ పేరుకి అర్థం.

పొగాకు కార్మికురాలి నుంచి వెలివాడ దాకా వొకే దర్శకురాలి ప్రయాణం ఇది. ముప్పై అయిదేళ్ళు పట్టింది. ఈసారి కులం పక్కన నిలబడే సంగతి కాదు, అదే సినిమా. తేడా ఎక్కడ్నించి వచ్చింది? దర్శకురాలి మనసు మారడం వల్లనే అని నేననుకోను. దళిత విద్యార్థులు తమ మాట తామే చెప్పుకునే స్థితికొచ్చారు. అంబేద్కర్ బొమ్మ, డప్పు, నినాదం, డేరా పేరు అన్నీ వాళ్ళే సిద్ధం చేసి పెట్టారు. కెమెరా పోయి వినాల్సొచ్చింది. మంచి దర్శకురాలు కాబట్టి విన్నారు. కానీ వినిపించింది వుద్యమం.

ఈ వుద్యమంలో రాధికమ్మ సంగతి విడిగా చెప్పుకోవాలి. పుట్టుకతో మాల. పెరిగింది వడ్డెర ఇంట్లో. మొగుణ్ణి వొదిలి, గుంటూరులో బట్టలు కుట్టి ముగ్గురు పిల్లల్ని పెంచింది. కొడుకు చచ్చాక ఆమె కులం ఏమిటో తేల్చడానికి కమిషన్ దగ్గర్నించి పోలీసుల దాకా అందరూ కూర్చున్నారు. 2024 మేలో తెలంగాణ పోలీసులు కేసు మూసేస్తూ రోహిత్ ఎస్సీ కాదన్నారు. గొడవయ్యాక మళ్ళీ దర్యాప్తు చేస్తామన్నారు. గమనించండి, ఎవరూ తల్లి చాకిరీని లెక్కలోకి తీసుకోలేదు. పిల్లాణ్ణి పెంచింది ఆమె, బతికింది దళితవాడలో, కులం మాత్రం వొదిలేసి పోయిన తండ్రి నుంచే రావాలట. పితృస్వామ్యం, కులం రెండూ కలిసి వొక స్త్రీ మీద ఎట్లా పనిచేస్తాయో దీనికి మించిన పాఠం లేదు. స్త్రీవాద సినిమా ఇంకా తియ్యాల్సిన కథ ఇదేనని నా అభిప్రాయం. రాధికమ్మని 'రోహిత్ తల్లి'గా కాక, రాధికమ్మగా.

5. ఎదురు మాట

దివ్యభారతి తమిళంలో తీసిన 'కక్కూస్' 2017లో వచ్చింది. పాకీపనిని నిషేధిస్తూ 1993లో వొక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చినా మున్సిపాలిటీల్లో మనుషులు చేతుల్తోనే మలం ఎత్తుతున్నారని ఈ సినిమా వూరూరా తిరిగి చూపించింది. చూస్తుంటే కడుపులో దేవుతుంది. దర్శకురాలు కెమెరాని పక్కకి తిప్పలేదు. ఎందుకు తిప్పాలి, ఆ పని చేసే స్త్రీకి మొహం తిప్పుకునే వీలుందా? తమిళనాడులో ఈ పనిలో వున్న అరుంధతీయుల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఈ పనికి వ్యతిరేకంగా సఫాయి కర్మచారి ఆందోళన్‌ని నడిపిన బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల దగ్గర తెలుగు దళిత కుటుంబంలో పుట్టినవాడే. అంచేత ఇది మన సినిమా కూడా. ప్రదర్శనల్ని పోలీసులు ఆపారు. 2017 జూలైలో దర్శకురాల్ని పాత కేసొకటి తవ్వి అరెస్టు చేశారు. సినిమా ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలిందన్న మాట.

'రైటింగ్ విత్ ఫైర్' కథ వేరు. రింటూ థామస్, సుష్మిత్ ఘోష్ కలిసి తీసిన ఈ సినిమా 2002లో చిత్రకూట్‌లో మొదలైన 'ఖబర్ లహరియా' పత్రికని నడిపే దళిత స్త్రీల మీద. ఫోను పట్టుకుని మైనింగ్ మాఫియాని, పోలీసుల్ని ప్రశ్నించే విలేకరులు. 2022లో ఆస్కార్‌కి నామినేట్ అయింది. సరిగ్గా ఆస్కార్ రోజుల ముందు ఖబర్ లహరియా వాళ్ళే వొక ప్రకటన చేశారు. సినిమా కదిలించేదే గానీ, మేమేదో వొకే పార్టీ మీద వార్తలు రాసేవాళ్ళమన్నట్టు చూపించింది, అది మా పని కాదు అన్నారు. దేశమంతా చప్పట్లు కొడుతుంటే ఈ మాట అనడానికి గుండె కావాలి. కొందరు దీన్ని కృతఘ్నత అన్నట్టు మాట్లాడారు. దళిత స్త్రీ మీద సినిమా తీస్తే ఆమె సంతోషపడి వూరుకోవాలా? ఆ ప్రకటనని నేను సినిమా విమర్శగానే చదువుతాను. తీయబడ్డ మనిషి, నన్ను ఎట్లా తీశావో చూశాను, ఒప్పుకోను అనడం సంఘం షాట్‌లో వున్న హక్కు.

6. పస్తాపూర్ సినిమాలు

మళ్ళీ మొదటికి వద్దాం. హుమ్నాపూర్ లక్ష్మమ్మ, ఇప్పపల్లి మల్లమ్మ, వాళ్ళ తోటివాళ్ళు ఏ సినిమాలు తీశారు? దళిత స్త్రీకి కెమెరా ఇస్తే తన బాధ చెప్పుకుంటుందని మనందరం అనుకుంటాం. వాళ్ళు పోయి వరంగల్ పత్తి రైతుల్ని తీశారు. 2002లో బిటి పత్తికి అనుమతి రాగానే ఆ పంటకాలమంతా రైతుల దగ్గరికి పోయి, విత్తనం నుంచి దిగుబడి దాకా మాట్లాడించి, వరంగల్ రైతులకి బిటి పత్తి మీద కోపమెందుకన్న సినిమాని 2003లో తెచ్చారు. 2005లో దాన్ని మూడేళ్ళ లెక్కగా పొడిగించారు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో మొదటి మూడు బిటి రకాల అమ్మకానికి అనుమతి నిరాకరించారు. 2007 సినిమా ఆఫ్రికా రైతుల దాకా పోయింది.

ఇక్కడ చూసేది దళిత స్త్రీ. చూడబడేది కంపెనీ, ప్రభుత్వం, భూమి వున్న రైతు. వాళ్ళు గింజల మనుషులు. ఏ విత్తనం మొలుస్తుందో, ఏది మోసం చేస్తుందో తెలుసు. ఆ తెలివితోనే ప్రశ్నలు అడిగారు. దళిత స్త్రీ అంటే గాయం అని రాసిపెట్టుకున్న మన చదువుకి ఇది పెద్ద దెబ్బ. దళిత సమస్య మీదే తియ్యాలి, స్త్రీ సమస్య మీదే తియ్యాలి అన్న హద్దు కూడా వొక రకం వెలివాడే గదా.

ఐతే ఈ సినిమాల్ని కూడా పొగిడి వొదిలెయ్యలేం. ఇవి ట్రస్టు పేరు మీద వచ్చాయి. తీసినవాళ్ళ పేర్లు సినిమా చరిత్రల్లో దర్శకులుగా లేవు. కల్పనా లాజ్మీ దర్శకురాలు, లక్ష్మమ్మ 'సంఘం మనిషి'. సమష్టిగా తీశారు కాబట్టి అనొచ్చు. యుగాంతర్ కూడా సమష్టే, అక్కడ పేర్లు మనకి గుర్తున్నాయి. ఇంకొకటి, విత్తనం మీద అంత వివరంగా మాట్లాడిన సినిమాల్లో భూమి ఎవరి చేతిలో వుంది, ఏ కులం చేతిలో వుంది అన్న ప్రశ్న అంత గట్టిగా వినపడదు. సంస్థ గొడుగు నీడనిస్తుంది, కొన్ని మాటల్ని నీడలో కూడా వుంచుతుంది. సంస్థల్లో పనిచేసే కార్యకర్తలకి ఇది తెలిసిన సంగతే.

7. చివరగా

స్త్రీ దర్శకుల సినిమాలు వొద్దని ఎవరూ అనడం లేదు. 'సమ్‌థింగ్ లైక్ ఎ వార్', 'కక్కూస్' లేకపోతే మన చేతిలో వుండే సాక్ష్యం తక్కువ. యుగాంతర్ సినిమాలు బెర్లిన్‌లో బాగుచెయ్యబడి మళ్ళీ చూడటానికి దొరుకుతున్నాయి. వాటిని మన హాస్టళ్ళల్లో, బస్తీల్లో, ట్రైనింగుల్లో చూపించాలి. చూపించి వూరుకోకూడదు.

ఉపాధ్యాయులకీ, కార్యకర్తలకీ నా మనవి వొకటే. సినిమా అయిపోగానే లైట్లు వేసి 'ఎంత బాధగా వుందో' అనే మాటతో చర్చ మొదలుపెట్టొద్దు. ఆ బాధ మనల్ని మంచం మీద కూర్చోబెడుతుంది. ఈ స్త్రీ ఏ కులం అని సినిమా చెప్పిందా? చెప్పకపోతే ఎందుకు చెప్పలేదు? ఆమె మాట ఎక్కడ ఆగింది, దర్శకురాలి మాట ఎక్కడ మొదలైంది? ఆమె ఈ సినిమా చూసిందా, చూసి ఏమంది? ఈ ప్రశ్నలు అడిగించండి. 'రుదాలీ' చూపిస్తే మహాశ్వేత కథని కూడా చదివించండి. 'రైటింగ్ విత్ ఫైర్' చూపిస్తే ఖబర్ లహరియా ప్రకటనని కూడా చదివించండి. స్త్రీ దర్శకుల జాబితా రాయించేటప్పుడు భానుమతి, సావిత్రి, విజయనిర్మల పక్కన హుమ్నాపూర్ లక్ష్మమ్మ పేరు కూడా బోర్డు మీద రాయండి. ఎందుకు రాశారని ఎవరైనా అడిగితే, సంఘం షాట్ అంటే ఏమిటో అక్కడ్నించి చెప్పడం మొదలుపెట్టండి.